అక్షరం వచ్చు, అర్థం రాదు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెద్ద వయసులో పరాయి భాష సొంతంగా నేర్చుకోవడం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నెల కిందట మా ఇంటికి వచ్చి అడిగారు. నేను మౌల్వీని కాను, బడిపంతులును కాను. పదో తరగతి తప్పి కరెంటు వైరింగు పని నేర్చుకున్నవాణ్ణి. ఆ మాటే ఆయనతో అంటే, "అందుకే మిమ్మల్ని అడుగుతున్నాం భాయ్, చదువుకున్నవాళ్ళు చెబితే మనవాళ్ళు మనకు కాదులే అనుకుంటారు" అన్నారు. సరే, నాకు తెలిసింది అరబీ ఒక్కటే కాబట్టి దాన్ని గురించే చెబుతాను. తప్పులుంటే పెద్దలు మన్నించవలసినది.

నేను 1979లో కువైట్ పోయినాను. అప్పటికి నాకు ముప్పయ్యొక్క ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. భవనాలు కట్టే ఒక కంపెనీలో పని. దాని పేరు ఇక్కడ అనవసరం. నాలుగేళ్ళు చేసిన తర్వాత 1983లో ఆ పని మానుకొని ఇంకో కంపెనీలో చేరాలనుకున్నాను. పాత కంపెనీ నుంచి నాకు మూడు నెలల జీతం రావాలి, సెలవుల డబ్బు రావాలి, నాలుగేళ్ళ సర్వీసుకు ఇచ్చే మొత్తం కూడా రావాలి. చెల్లెలి పెళ్ళికి ఆ డబ్బే ఆధారమని ఇంటికి ఉత్తరం కూడా రాసేశాను. ఆఫీసులో గుమాస్తా ఒక కాగితం నా ముందు పెట్టి సంతకం చేయమన్నాడు. నాలుగే వరుసలు, అరబీలో ఉన్నాయి. "ఇది ఏమిటి?" అన్నాను. "విడుదల కాగితం, సంతకం చేయి, వచ్చే వారం రా" అన్నాడు. చేశాను. వచ్చే వారం పోతే అదే కాగితం చూపించాడు. నాకు రావలసినవన్నీ ముట్టినట్లు నేనే రాసి ఇచ్చినానట!

నా ఏడుపు చెప్పుకోవడానికి ఇది చెప్పడం లేదు. నన్ను ఈనాటికీ బాధపెట్టే సంగతి ఒకటున్నది. ఆ కాగితంలోని అక్షరాలు నాకు వచ్చినవే. ఏడేళ్ళ వయసులో మా ఊరి మసీదులో హజ్రత్ బెత్తం దెబ్బలు తిని ఖాయిదా చదివాను. పదకొండో ఏటికల్లా నాజిరాగా ఖుర్‌ఆన్ పూర్తిచేస్తే మా నాన్న ఊరంతా బూందీ పంచాడు. ఆ అక్షరాలే ఇవి. ఆ కాగితంలో మూడో వరుసలో ఒక పెద్ద మాట ఉంది. మీమ్, సీన్, తే, హే, ఖాఫ్, అలిఫ్, తే, యే. ఒక్కొక్క అక్షరం గుర్తుపట్టాను, మాట మాత్రం తెలియలేదు. "ముస్తహఖ్ఖాతీ" అంటే నాకు రావలసినవి అని అర్థం. దాని కడుపులో ఏమున్నదో చూడండి. హే, ఖాఫ్. హఖ్! మన హక్కు! తెలుగులో పుట్టినప్పటి నుంచీ వాడుకునే మాట, నా హక్కు అని పొలం గట్టు మీద పోట్లాడుకునే మాట, నా కళ్ళ ముందే ఉంటే నేను చూడలేక దాని కింద సంతకం చేశాను.

ఇది నా ఒక్కడి సంగతి కాదు. మనలో చాలామందికి అక్షరం వచ్చు, అర్థం రాదు. పైగా మనం చదివింది జబర్, జేర్, పేష్ అన్నీ పెట్టిన పుస్తకం. కువైట్‌లో పత్రికలోగానీ, దుకాణం బోర్డు మీదగానీ, ఆఫీసు కాగితంలోగానీ అవి ఉండవు. క, త, బ అని మూడు హల్లులు రాసి వదిలేస్తారు. దాన్ని కతబ అనాలా, కుతుబ్ అనాలా, కుతిబ అనాలా అన్నది చదివేవాడు అర్థాన్ని బట్టి తేల్చుకోవాలి. అంటే మనం చదివితే అర్థమవుతుంది అనుకుంటాం. అక్కడ అర్థమైతేనే చదవగలం. పట్టాలు తీసేసిన దారిలో రైలు నడిపినట్టయింది నా పని.

ఆ పెళ్ళి అప్పుచేసి జరిపించాం. కొత్త కంపెనీలో చేరిన రోజే ఒక పొడుగు నోట్‌బుక్కు కొన్నాను.

పెద్ద వయసులో నేర్చుకొనేవాడికి బుర్ర లేకపోవడం కష్టం కాదు, సిగ్గు కష్టం. పిల్లవాడు తప్పు మాట్లాడితే ముద్దుగా ఉంటుంది. మీసాలున్నవాడు మాట్లాడితే నలుగురూ నవ్వుతారు. నేను తిన్న నవ్వులు ఇన్నీ అన్నీ కావు. ఒకరోజు ఫోర్‌మన్ నేను వేసిన బోర్డు చూసి "గరీబ్!" అన్నాడు. నన్ను బీదవాడా అంటున్నాడని నాకు కోపం వచ్చి రెండు రోజులు మాట్లాడలేదు. అరబీలో గరీబ్ అంటే వింత, పరాయి అని అర్థం. ఫ్యూజు కాలిపోయింది వింతగా ఉందే అన్నాడు పాపం! ఊరు విడిచిన పరాయివాడు దిక్కులేనివాడు కనుక ఉర్దూలోకి వచ్చేసరికి బీదవాడయ్యాడు కాబోలు. ఇలాంటివి ఎన్నో. మన తెలుగు కోర్టుల్లో ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు. అరబీలో ముద్దఈ అంటే దావా వేసినవాడు. తలకిందులు! కువైటీలు పలకరిస్తూ "శ్లోనక్?" అంటారు. ఎలా ఉన్నావని అర్థమేగానీ మాటకు మాట చూస్తే "నీ రంగేమిటి" అని. మొదటిసారి విని నా చొక్కా వంక చూసుకున్నాను.

నాకు ధైర్యం వచ్చింది తర్వాత కొందరి సంగతులు చదివి. మన కడపకు 1820లో ఉద్యోగం మీద వచ్చిన బ్రౌను దొరకు అప్పటికి ఇరవయ్యొక్క ఏళ్ళు. మన పల్లెటూరి మాటలు వింటూ, పండితులను కూర్చోబెట్టుకొని, తాటాకులు పోగుచేసి చివరికి మనకే నిఘంటువు చేసిపెట్టాడు. నెల్లూరు జిల్లా రైతుబిడ్డ దువ్వూరి రామిరెడ్డిగారు పారసీ నేర్చుకొని ఉమర్ ఖయ్యామును తెలుగులోకి తెచ్చారు. అందరికన్నా నాకు నచ్చినవాడు అల్ బిరూనీ. 973లో ఖ్వారజ్మ్ దేశంలో పుట్టినవాడు, నలభై దాటిన తర్వాత సంస్కృతం మొదలుపెట్టాడు. హిందూ దేశాన్ని గురించి 1030 ప్రాంతంలో రాసిన పుస్తకంలో తన అవస్థ ఆయనే చెప్పుకున్నాడు. ఇక్కడివారి నోటి నుంచి విన్న మాటను ఎంతో జాగ్రత్తగా రాసుకొని, తిరిగి వాళ్ళకే పలికి వినిపిస్తే వాళ్ళు గుర్తుపట్టలేకపోయేవారట. అంతటి పండితుడికే అట్లా అయితే వైరింగువాడికి సిగ్గెందుకు? ఆ పుస్తకం అరబీ మూలాన్ని 1958లో అచ్చువేసింది మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ అని ఎంతమందికి తెలుసు? 1888 నుంచి నడుస్తున్న సంస్థ అది.

ఇక అసలు విషయానికి వస్తాను. అరబీ భాషకు ఒక తాళంచెవి ఉన్నది. దాని మాటలు ఎక్కువ భాగం మూడు హల్లుల ధాతువు నుంచి పుడతాయి. క-త-బ అంటే రాయడం. కితాబ్ పుస్తకం, కాతిబ్ రాసేవాడు, మక్తూబ్ రాయబడినది, మక్తబ్ రాసే చోటు. అందుకే మన దగ్గర చిన్నపిల్లల బడిని మక్తబ్ అంటాం, అక్కడ ఆఫీసును మక్తబ్ అంటారు. మొదట 'మ' వచ్చిందంటే చాలాసార్లు అది ఒక చోటు. సజ్దా చేసే చోటు మస్జిద్. దర్స్ చెప్పే చోటు మద్రసా. వంట చేసే చోటు మత్బఖ్. కాతిబ్ మాదిరి మాట చేసేవాడు: ఆలిమ్, హాకిమ్, ఖాతిల్. మక్తూబ్ మాదిరి మాట చేయబడినది: మజ్లూమ్, మహమూద్, మామూల్. మామూల్ అంటే చేయబడినది, జరిగేది. మన ఆఫీసుల్లో మామూలు అంటే ఏమిటో నేను చెప్పనక్కరలేదు!

ఈ సంగతి నాకు చెప్పింది కొత్త కంపెనీ స్టోరు చూసే ఒక పాలస్తీనా పెద్దమనిషి. ఆ రోజుల్లో అక్కడ పాలస్తీనావాళ్ళు చాలామంది ఉండేవారు. నేను "అనా మాఫీ మాలూమ్" అని అంటే ఆయన చెవులు మూసుకునేవాడు. గల్ఫ్ పోయివచ్చినవాళ్ళకు ఈ భాష తెలుసు. ఎవరికివారు అతికించుకున్న కూలీ అరబీ. దానితో బతకవచ్చు, బస్సెక్కవచ్చు, కూరగాయలు కొనవచ్చు. కాగితం చదవలేం. "నీతో నేను అలా మాట్లాడను, నువ్వూ నాతో అలా మాట్లాడకు" అని ఆయన మొదటిరోజే షరతు పెట్టాడు. ఆయన పోయి ఎన్నాళ్ళయిందో నాకు తెలియదు, అల్లాహ్ ఆయనను కరుణించుగాక.

నోట్‌బుక్కులో ఒక్కొక్క ధాతువుకు ఒక పేజీ ఇచ్చాను. ఎడమ పక్కన అరబీ మాట, కుడి పక్కన నాకు ముందే తెలిసిన తెలుగు మాటో ఉర్దూ మాటో. రెండు నెలలు గడిచేసరికి కుడి పక్క ఎంత నిండిందో చూసి నేనే ఆశ్చర్యపోయాను. జ-మ-అ పేజీ చూడండి: జమ, జుమా, జమాత్, జామియా మసీదు, ఇజ్తెమా. అన్నిటికీ అర్థం ఒక్కటే, ఒకచోట చేరడం. డబ్బు చేరితే జమ, మనుషులు చేరితే జమాత్. కువైట్‌లో పేటపేటకూ సహకార దుకాణాలు ఉంటాయి, వాటిని జమ్‌ఇయా అంటారు. మన సంఘం పద్దుల్లో జమ అని రాసే మాట, మనం శుక్రవారం పోయే జుమా ఒక తల్లి బిడ్డలు. విమానాశ్రయంలో "వుసూల్" అని బోర్డు ఉంటుంది, వచ్చేవాళ్ళ దారి అని. అది మన వసూలే! డబ్బు చేతికి చేరడం. దుకాణంలో "బాఖీ" ఇచ్చాడంటే చిల్లర తిరిగి ఇచ్చినట్టు. మన బాకీ మిగిలిన అప్పు, వాళ్ళ బాఖీ మిగిలిన చిల్లర. హాజరు, దాఖలు, నకలు, రాజీ, జప్తు, హద్దు, వారసుడు, ఆఖరు, కబురు, అసలు... మన రైతు తాలూకా కచేరీకి పోయి వచ్చేలోగా వాడే మాటల్లో ఎన్ని అరబీ మాటలున్నాయో లెక్కపెట్టి చూడండి. తాలూకా కూడా అరబీయే.

మన పేర్లే ఒక పాఠం. హామిద్, మహమూద్, అహ్మద్, హమీదా అందరూ హ-మ-ద అనే ఒక్క ఇంటివాళ్ళు, పొగడ్త అని అర్థం. రహీం, రహమాన్, రహ్మత్ ఇంకో ఇల్లు. పోయినవారి పేరు ముందు మర్హూమ్ అని వేస్తాం కదా, చాలామంది దానికి చనిపోయినవాడు అని అర్థమనుకుంటారు. మక్తూబ్ మాదిరిగానే చూడండి: కరుణ పొందినవాడు అని. మా నాన్న పేరు ముందు ఆ మాట ఇరవై ఏళ్ళు రాశాను, అర్థం తెలిసింది ముప్పై ఆరో ఏట.

నిఘంటువు కొనేవాళ్ళకు ఒక హెచ్చరిక. అరబీ నిఘంటువులు ఎక్కువగా ధాతువుల వరుసలో ఉంటాయి. హాన్స్ వెహర్ అనే జర్మను పండితుడి నిఘంటువు, ఇంగ్లీషులో 1961లో వచ్చినది, అట్లాంటిదే. ఆసుపత్రిని ముస్తష్ఫా అంటారు. నేను 'మ' కింద వారం వెదికాను. అది షీన్ కింద, ష-ఫ-య దగ్గర ఉంది. షిఫా! తావీజు కట్టించుకొనేటప్పుడు మన అమ్మలు కోరుకొనే షిఫా అదే. ఇంకో చిక్కు మన నోరు. సే, సీన్, స్వాద్ మూడూ మనకు 'స'యే. జాల్, జే, జ్వాద్, జోయ్ నాలుగూ 'జ'యే. మన దక్కనీలో ఖాఫ్‌ను ఖే లాగా పలుకుతాం. దగ్గర అనే అర్థంలో 'ఖరీబ్' అని మనం అనే మాటను ఖే కింద వెదికితే దొరకదు. పోనీ ఖాఫ్‌ను మామూలు 'క'గా పలుకుదామంటే ఇంకా ప్రమాదం. గుండె అనబోయి కుక్క అంటాం. గొంతు అడుగునుంచి రావాలి. మా గదిలో పొద్దున్నే నేను ఆ ఖాఫ్‌ను సాధన చేస్తుంటే ఎవరో వాంతి చేసుకుంటున్నారని పక్కగదివాళ్ళు మందు తెచ్చి ఇచ్చారు.

గట్టిగా చదవడం మాత్రం మానవద్దు. ఆ ముచ్చట తర్వాత ఒక పుస్తకంలో చూశాను. ట్రాయ్ నగరం తవ్వి తీసిన ష్లీమన్ అనే జర్మను వ్యాపారి రష్యను భాష తనంతట తానే నేర్చుకున్నాడు. ఎవరూ వినకపోతే చదువు సాగదని వారానికి నాలుగు ఫ్రాంకులు ఇచ్చి ఒక మనిషిని కూర్చోబెట్టుకొని వల్లెవేసేవాడట. ఆ మనిషికి రష్యను ఒక్క ముక్క రాదు! ఆ గోల భరించలేక పక్కవాళ్ళు ఫిర్యాదు చేస్తే రెండుసార్లు ఇల్లు మారవలసి వచ్చింది. నాకు నాలుగు ఫ్రాంకులు లేకపోయినా వినేవాడు దొరికాడు. నా గదిలో ఒక మలయాళీ వంటాయన ఉల్లిపాయలు తరుగుతూ నా పాఠం వినేవాడు. ఆరు నెలల తర్వాత నేను మరిచిపోయిన మాట ఆయనే అందించాడు.

పుస్తకం ఏది మంచిదని అడుగుతారు. మదీనా విశ్వవిద్యాలయం కోసం తయారైన మూడు భాగాల దురూసుల్ లుగా ఈ రోజుకూ ప్రపంచమంతా చదువుతున్నారు. దాన్ని రాసిన డాక్టర్ వి. అబ్దుర్ రహీంగారు అరబ్బు కాదు, పక్కనున్న తమిళనాడులో వానియంబాడి ఆయన ఊరు. 2023లో పరమపదించారు. అరబీ ఇంటి భాష కానివాడికి ఏది కష్టమో ఆయనకు తెలిసినట్టు ఇంకొకరికి తెలియదని నా అభిప్రాయం. అయితే పుస్తకం అరబీ వేరు, వీధి అరబీ వేరు. పుస్తకంలో ఎక్కడ అంటే ఐన, వీధిలో వేన్. కువైటీలు కోడిని దజాజ్ అనకుండా దియాయ్ అంటారు. మొదట పుస్తకం పట్టుకోండి, వీధి దానంతట అదే వస్తుంది. తలకిందులుగా చేస్తే నాలుగేళ్ళు నేను ఉన్నట్టే ఉండిపోతారు.

లెక్కలు జాగ్రత్త. నలభై అయిదును వాళ్ళు "అయిదున్నూ నలభై" అంటారు. జీతం మాట్లాడుకునేటప్పుడు వేళ్ళు చూపించి అడగండి, సిగ్గుపడవద్దు.

ఏడాదికి బోర్డులు, ఫారాలు చదివాను. మూడేళ్ళకు పత్రిక. 1987లో మా కంపెనీ ఆరుగురిని తీసేసింది, అందులో నేను లేను. మళ్ళీ అదే మాదిరి కాగితం. ఒక రాయచోటి కుర్రవాడు సంతకం చేయబోతూ నాకు చూపించాడు. మూడో వరుస దాకా పోనక్కర లేకపోయింది, మొదటి వరుసలోనే ఉంది ఆ మాట. నా చెయ్యి వణికింది. కాగితం పట్టుకొని ఆఫీసుకు పోయి, "ఇందులో వీళ్ళకు అంతా ముట్టిందని ఉంది. ముట్టలేదు" అని పుస్తకం అరబీలో నెమ్మదిగా అన్నాను. మేనేజరు నా వంక చూశాడు, కాగితం వంక చూశాడు, తీసి సొరుగులో పెట్టుకున్నాడు. పదిరోజులు తిప్పించి అయిదుగురికి డబ్బిచ్చారు. ఆరో మనిషి అంతకు ముందురోజే సంతకం చేశాడు. అతనికి రాలేదు. ఎంత అడిగినా రాలేదు.

1990 ఆగస్టు 2న ఇరాకు సైన్యం కువైట్‌లోకి వచ్చింది. సుమారు 1,70,000 మంది భారతీయులను మన ప్రభుత్వం విమానాల్లో ఇంటికి చేర్చిన సంగతి మీకు తెలిసినదే. అమ్మాన్ చేరేదాకా మా బస్సులో తనిఖీ వచ్చిన ప్రతి చోటా ముందుకు నెట్టింది నన్నే. సామాన్లన్నీ అక్కడే వదిలేశాను. నోట్‌బుక్కు చొక్కా లోపల పెట్టుకొని వచ్చాను.

మొన్న మా మనవడు అడిగాడు, "తాతా, ఇప్పుడు ఫోను చూపిస్తే కాగితం తెలుగులో చదివేస్తుంది కదా, ఇదంతా ఎందుకు?" అని. నిజమే, నేను పరీక్షించాను. ముస్తహఖ్ఖాత్ అని రాసి చూపిస్తే బకాయిలు అని సరిగ్గానే చెప్పింది. ఫోను వాడుకోండి, తప్పులేదు. కానీ గుమాస్తా బల్ల ముందు వెనకాల నలభై మంది నిలబడి ఉండగా, "త్వరగా, త్వరగా" అని అతను అరుస్తుండగా ఫోను తీసే ధైర్యం ఎవరికుంటుంది? ఆ కాగితంలో అడగవలసిన మాట ఒకటున్నదని అనుమానమైనా రావాలంటే కొంచెం భాష లోపల ఉండాలి.

మా ఇంటావిడ చిన్నప్పటి నుంచీ రోజూ తిలావత్ చేసే మనిషి. నేను వచ్చిన తర్వాత ఒకరోజు వంటింట్లోంచి, "ఏమండీ, సబ్ర్, సాబిర్, సాబిరీన్ ఇవన్నీ ఒక ఇంటివాళ్ళేనా?" అని అడిగింది. నేను చెప్పలేదు ఆమెకు, తనే పట్టుకుంది. అప్పుడామెకు నలభై రెండేళ్ళు. ఇప్పుడు ఆమె నోట్‌బుక్కు నాదానికన్నా లావు.

కార్యదర్శిగారు ఒప్పుకున్నారు, సంఘం గదిలో ప్రతి ఆదివారం అసర్ తర్వాత గంటసేపు కూర్చుంటాం. ఆడవాళ్ళకు మా ఇంట్లో, అదే సమయానికి. వయసుతో పనిలేదు, రుసుము లేదు. పొడుగు నోట్‌బుక్కు ఒకటి, పెన్సిలు ఒకటి తెచ్చుకోండి. ఇంట్లో అర్థం తెలియని అరబీ కాగితం ఏదైనా ఉంటే, పాతదైనా సరే, అది కూడా తీసుకురండి. మొదటి పాఠం దానితోనే చెప్పుకుందాం.